తేనెటీగలకు ముందే చెప్పిన కబురు

థర్జా ప్రీస్ ముసలిదయ్యాక రోజూ సాయంత్రం గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేది. రొట్టెకి చెప్పేది. కోడి పెట్టిన గుడ్డుకి చెప్పేది. నొప్పి కుడిమోకాలితో సరిపెట్టుకుని ఎడమదాని జోలికి పోనందుకు చెప్పేది. తేనెటీగలకి చెప్పేది. అన్నీ అయ్యాక ఒక ఆడమనిషి పేరు చెప్పి కళ్ళు తుడుచుకునేది. సరిగ్గా ఆ పేరు దగ్గరే మా పాస్టరుగారికి గొంతులో వెలక్కాయ పడేది.

“ఆ పేరు ప్రార్థనలో పలకడం బావుండదు థర్జా,” అన్నాడాయన ఒకసారి ఉండబట్టలేక.

“ఆవిడే లేకపోతే పలకడానికి నేనే ఉండేదాన్ని కాదు కదా అయ్యగారూ. మెడకి తాడు పడ్డాక ఇంక ప్రార్థనలెక్కడివి?”

ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎల్డర్‌కోట్ హాలు అనే దొరల భవంతిలో జరిగిన సంగతి హెర్‌ఫర్డ్ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. దాన్ని దెయ్యం కథగా చెప్పేవాళ్ళున్నారు, హత్య కథగా చెప్పేవాళ్ళున్నారు. యాపిల్ కల్లు కాస్త లోపల పడితే తోటమాలి ఈనాక్ పెంబర్ రెండూ కలిపి చెప్పేవాడు, మధ్యలో తన వీరత్వం కూడా కలిపి. నాకు మాత్రం అది ఒక పిల్ల మెడ కథ. ఆ మెడ మీదికి వచ్చిన ఆపద ఎలా వచ్చింది, ఎలా తప్పింది, అంతే.

థర్జాకి అమ్మా నాన్నా ఎవరో తెలియదు. బీదల ఆశ్రమంలో పెరిగింది. ముగ్గురు పిల్లలకి ఒక మంచం, ఆ మంచానికి ఒక దుప్పటి, ఆ దుప్పటి కోసం రోజూ యుద్ధం. విక్టోరియా రాణిగారి ఏలుబడిలో దేశం వెలిగిపోతోందని బళ్ళో చెప్పేవారట, ఆ వెలుగు ఆశ్రమం కిటికీలోకి మాత్రం రాలేదు. ఒకరోజు ఎల్డర్‌కోట్ హాలు నుంచి ఇంటి పెత్తనం చూసే మిసెస్ బఫ్టన్ వచ్చింది, వంటింట్లో చిల్లరపనికి ఒక పిల్ల కావాలని. పొడుగ్గా, ఎముకల పోగులా ఉండేది. నడుముకి తాళంచెవుల గుత్తి. నవ్వితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టు మొహం. పిల్లల్ని పెరట్లో వరసగా నిలబెట్టారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక తేనెటీగ థర్జా చేతిమీద వాలింది. పక్క పిల్లలు కెవ్వున అరిచి పారిపోయారు. థర్జా కదల్లేదు.

“భయం వెయ్యదూ?” అంది బఫ్టన్.

“దాని పనేదో అది చూసుకుంటోంది కదండీ.”

“ఈ పిల్లనివ్వండి,” అంది ఆవిడ, మిగతావాళ్ళ వంక చూడకుండానే.

ఆ రాత్రి థర్జా జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఒక మంచం మీద పడుకుంది. జాములూ తేనె సీసాలూ నిలవుండే కొట్టుగది మూలన ఇరుకు మంచం అది. ఎటు దొర్లినా ఎవరి మోచెయ్యీ తగల్లేదని సంతోషం పట్టలేక తెల్లారేదాకా మేలుకునే ఉందట. అక్కణ్ణుంచే మొదలైంది ఈ కృతజ్ఞతల జబ్బు.

బఫ్టనమ్మ నోరు మంచిది కాదు. “ఒసేయ్ తెలివితక్కువ దద్దమ్మా” అనేదే ఆవిడ పిలిచే ముద్దుపేరు. అలా తిడుతూనే పిల్లకి బూట్లు కుట్టించింది, చదవడం నేర్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుని చారు తాగించింది. అన్నిటికన్నా ముఖ్యంగా తేనెటీగల పని నేర్పింది. తోట గోడ గూళ్ళలో గడ్డితో అల్లిన తేనెబుట్టలు వరసగా ఉండేవి. అవి దొరసాని లెటీషియాగారి ప్రాణం. దొరసానీ బఫ్టనూ ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు, ఒకరు యజమాని కూతురుగా, ఒకరు దాసి కూతురుగా. పెళ్ళై వస్తూ దొరసాని తనతో తెచ్చుకున్నవి రెండేనట: తేనెబుట్టలూ, హెస్టర్ బఫ్టనూ.

థర్జా వచ్చిన ఏడాదే దొరసాని పోయింది. పెద్దమెట్ల మీద నుంచి జారిపడిందన్నారు. దొర ఆంబ్రోస్ హాదర్లీ కంట ఒక చుక్క నీళ్ళు రాలేదు, భోజనం మాత్రం వేళకి చేశాడు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే బఫ్టన్ థర్జాని వెంటబెట్టుకుని తోటలోకి వెళ్ళింది. నడుము గుత్తిలోంచి సింహద్వారం తాళంచెవి తీసి ఒక్కో బుట్ట మీదా మెల్లగా తట్టింది. “ఈగల్లారా, మీ దొరసాని వెళ్ళిపోయింది. మీరు మాత్రం మమ్మల్ని విడిచి వెళ్ళకండి,” అని ఒక్కోదానికీ వంగి చెప్పింది. చెప్పి, ఒక్కోదానికీ నల్లగుడ్డ పేలిక కట్టింది.

“చెప్పకపోతే ఏమవుతుందండీ?” అని అడిగింది థర్జా.

“మర్నాడు పొద్దు పొడిచేలోపు చెప్పకపోతే అలిగి లేచిపోతాయి, లేకపోతే చచ్చిపోతాయి. ఇంట్లో మనుషులు కావటే అవి? ఇంట్లో చావు పరాయివాళ్ళ నోట వినాలా? ఇటు చూడు, గడ్డిమీద మామూలు ముడి జారిపోతుంది. ఇలా మడిచి, లోపలికి దోపి, మళ్ళీ మడవాలి. నాకీ ముడి చిన్నప్పుడు దొరసానమ్మే నేర్పింది. ఇంకెవరికీ రాదు. నేర్చుకో.”

థర్జా నేర్చుకుంది. మిగిలిన నల్లగుడ్డ కొట్టుగది అల్మరాలో పెట్టారు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు మొదలయ్యాయి. పెద్దమెట్ల దగ్గర ఉన్నట్టుండి లావెండరు వాసన వస్తోందని ఒకత్తె అంది. దొరసాని ఎప్పుడూ బట్టల్లో లావెండరు పూలు పెట్టుకునేది మరి. మసక వేళ తేనెబుట్టల దగ్గర తెల్లటి మనిషి వంగి కనిపించిందని ఈనాక్ ఒట్టేశాడు. దొరకి మాత్రం ఆ మెట్లెక్కాలంటే ఒళ్ళు జలదరించేదో ఏమో, మంచాన్ని కింది అంతస్తు గదిలోకి దింపించుకుని, అక్కడే తాగుతూ, అక్కడే కసురుతూ కాలం గడిపాడు. ఏళ్ళు గడిచాయి. థర్జా పెద్దపిల్ల అయింది. బుట్టల పని పూర్తిగా తన చేతికే వచ్చింది.

ఇక ఆ పొద్దు సంగతి. సెప్టెంబరు నెల, గడ్డి మీద మంచు ఆరలేదు. థర్జా తోటలోకి వెళ్ళి చూసేసరికి ప్రతి తేనెబుట్టకీ నల్ల పేలిక కట్టి ఉంది. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, “ఎవరు పోయారు? మనింట్లో ఎవరు పోయారు?” అని కేకలు పెట్టింది.

“నీకు మతి పోయింది, ఇంకెవరూ పోలేదు,” అని వంటమనిషి నవ్వింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగనే లేదు, దొరగారికి టీ తీసుకెళ్ళిన మనిషి చేతిలో ట్రే వదిలేసి మొహం పాలిపోయి తిరిగొచ్చాడు. దొర చలిమంట పొయ్యి ముందు బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పగిలి ఉంది.

తాగి పొయ్యి చట్రం మీద పడ్డాడని మొదట అనుకున్నారు. బోర్లా పడ్డవాడికి తల వెనక దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగాక పోలీసులకి కబురు వెళ్ళింది. హెర్‌ఫర్డ్ నుంచి ఇన్‌స్పెక్టర్ క్రాక్స్‌టన్ దిగాడు. పట్నం మనిషి, మీసాలకి నూనె, తేనెటీగలంటే భయం. అతనికి కావలసింది ఒక్కటే: చావు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకముందే ఆ పేలికలు కట్టిందెవరు? వాళ్ళే హంతకులు. బుట్టల పని థర్జాది. నల్లగుడ్డ ఆ పిల్ల పడుకునే గదిలో ఉంది. చావు కబురు మొదట అరిచింది ఆ పిల్లే.

“నువ్వు కాకపోతే ఎవరు కట్టారు?”

“నేను చెప్పలేనండీ.”

“ఈ గుడ్డముక్కని ఆ కుర్చీ కాలికి కట్టు.”

థర్జా చేతులు వాటికవే అలవాటైన ముడి వేశాయి. మడిచి, లోపలికి దోపి, మళ్ళీ మడిచి. ఇన్‌స్పెక్టర్ బుట్ట మీది పేలిక తెప్పించి పక్కన పెట్టాడు. రెండూ ఒక్కటే ముడి. అతను మీసం దువ్వుకున్నాడు.

ఆ ముడి వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే అని థర్జాకి తెలుసు. తను కట్టలేదనీ తెలుసు. ఇంక ఎవరు కట్టారో తెలియడానికి పెద్ద చదువేం కావాలి? బుట్టల దగ్గర ఆ పేలికలు చూసిన క్షణం తెలియలేదు గానీ, దొర శవం చూసిన క్షణం తెలిసిపోయింది. ‘ఈ ముడి నాకు నేర్పింది ఫలానా ఆవిడ’ అని ఒక్కమాట అంటే బతికిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇరుకు మంచం గుర్తొచ్చింది, బూట్లు గుర్తొచ్చాయి, జ్వరంలో నోటికందించిన చారు గుర్తొచ్చింది. మాట మింగేసింది. ‘ఈ పిల్లనివ్వండి’ అన్న మనిషిని ఉరికొయ్యకి ఇచ్చేదెలా?

బఫ్టన్ సంగతా? దొర పోయిన రోజే ఆవిడ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టింది. థర్జాని పోలీసులు పట్టుకెళ్ళిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. జబ్బుమనిషికి చెడుమాట ఎందుకని వాళ్ళ మంచితనం.

మరణ విచారణ ఊళ్ళో నాగలి గుర్తు సత్రంలో పెట్టారు. పైగదిలో బల్ల, బల్ల వెనక విచారణ జరిపే అధికారి కరోనరు, పక్కన జ్యూరీ. జ్యూరీలో ఉన్నదంతా మా చుట్టుపక్కల రైతులే, అందరి పెరళ్ళలోనూ తేనెబుట్టలున్నవాళ్ళే. ఒక్కడూ థర్జా మొహంలోకి చూడలేదు. మొదట ఈనాక్‌ని నిలబెట్టారు.

“చచ్చిపోయిన దొరసానే కట్టిందండయ్యా. నా కళ్ళతో చూశాను కదా.”

“ఆ పొద్దు చూశావా?”

“ఆ పొద్దు కాదండీ, అంతకు ముందు. ఆవిడ వస్తూ పోతూ ఉంటారు. ఆ పొద్దు కూడా వచ్చే ఉంటారు.”

“ఎంత తాగి చూశావు?”

“తాగనిదే అంత ధైర్యం ఎక్కడిదండీ దొరా చూడ్డానికి?”

గదంతా ఘొల్లుమంది. కరోనరు బల్ల మీద కొట్టాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ లేచి రెండు ముడులూ చూపించాడు. నవ్వులు ఆగిపోయాయి. కరోనరు థర్జా వైపు తిరిగి, “చెప్పుకునేదేమైనా ఉందా?” అన్నాడు.

“ఏమీ లేదండీ,” అంది థర్జా. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద తాళంచెవుల చప్పుడైంది. రాత్రి గౌను మీద కోటు వేసుకుని, జుట్టు విరబోసుకుని, గోడ పట్టుకుంటూ బఫ్టన్ లోపలికొచ్చింది. వంటమనిషి ఉండబట్టలేక ఆ పొద్దున్నే నోరు జారిందట. వంటమనిషికి కూడా థర్జా ఆ తర్వాత జీవితాంతం కృతజ్ఞతలు చెప్పింది లెండి.

“ఏం గాడ్‌విన్ గారూ,” అంది బఫ్టన్ జ్యూరీ పెద్దమనిషి ముందుకొచ్చి నిలబడి, “మీ నాన్న పోయినప్పుడు తేనెబుట్టల్ని ఏం పట్టుకుని తట్టారు?”

ఆయన నేల చూపులు చూశాడు. “ఇంటి తాళంచెవితోనమ్మా.”

“తాళంచెవి లేకుండా చావు కబురు చెప్పేవాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారా? పట్నం ఆయనకి తెలీదు సరే. మీ అందరికీ తెలుసు కదా, ఆ చెవి ఎవరి నడుముకి ఉంటుందో! నోళ్ళకి ఏమొచ్చింది? దెయ్యం మీదకి తోసేస్తే సరిపోతుందనుకున్నారా? దెయ్యాన్ని ఉరి తియ్యరు. ఈ పిల్లని తీస్తారు!” గుత్తి తీసి బల్ల మీద పడేసింది. “దొరని కొట్టింది నేను. నిప్పు కదిపే కడ్డీతో. పాలు ఇవ్వడానికెళ్తే తాగి నవ్వుతూ చెప్పాడు, దొరసానమ్మ జారలేదు, తనే తోశానని. ఆ నవ్వు వినలేకపోయాను. తర్వాత కడ్డీ కడిగి, శవాన్ని పొయ్యి దగ్గరికి లాగాను.”

కరోనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి ఒక్కటే అర్థం కాలేదు. “కడ్డీ కడిగావు, శవాన్ని పొయ్యి దగ్గరికి చేర్చావు, అందరూ జారిపడ్డాడనుకోవాలని అన్నీ సర్దావు. మరి ఆ పేలికలు కట్టి నీ గొయ్యి నువ్వే ఎందుకు తవ్వుకున్నావమ్మా?”

బఫ్టన్ ఆయన వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “కట్టకపోతే ఎలాగండీ? పొద్దు పొడిస్తే అవి చచ్చిపోవూ? అవేం పాపం చేశాయి?”

ఎవరూ నవ్వలేదు. జ్యూరీలో ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే అందరి మొహాలూ వెర్రిగా చూశాడు.

అప్పుడు బఫ్టన్ థర్జా వైపు తిరిగింది. “ఒసేయ్ తెలివితక్కువ దద్దమ్మా! తెలుసు కదే నీకు? నోరెందుకు మూసుకున్నావు? నీకు ముడి నేర్పింది గడ్డిబుట్టకి వెయ్యమని గానీ నీ మెడకి వేసుకోమనా?”

థర్జా ఆవిణ్ణి కావలించుకుని భోరుమంది. పోలీసులు విడదీయడానికి చాలాసేపు పట్టింది.

జడ్జీ ఉరిశిక్ష వేశాడు. జ్యూరీ దయ చూపమని కోరింది. జిల్లా అంతా ఇంటూ గుర్తులేసీ సంతకాలు పెట్టీ రాణిగారికి అర్జీ పంపుకుంది. ఉరి తప్పి యావజ్జీవమైంది. బఫ్టన్‌ని ఎక్కడో లండన్ పక్క ఆడవాళ్ళ జైలుకి తీసుకుపోయారు. తీసుకుపోయే ముందు థర్జాతో ఒకటే అంది: “నా కోసం రాకు. నన్నా గుడ్డల్లో చూడొద్దు. బుట్టలు చూసుకో.”

ఎల్డర్‌కోట్ హాలు దూరపు చుట్టాల చేతికి పోయింది. వాళ్ళు తలుపులు మేకులు కొట్టి మూసేశారు. తేనెటీగలని డబ్బుకి అమ్మకూడదు, మా దగ్గర ఎవరూ అమ్మరు. అందుకని థర్జా తనకి జీతం కింద వచ్చిన పందిపిల్లని ఇచ్చేసి దొరసాని బుట్టలు తెచ్చుకుంది. ఊరి చివర చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని, ఇంటి తాళంచెవితో ఒక్కోదాన్నీ తట్టి చెప్పింది: “ఈగల్లారా, మీ యజమానురాలు హెస్టర్ బఫ్టన్ గారు. ప్రస్తుతం ఊళ్ళో లేరు. వస్తారు.”

విన్న ఈనాక్ ముక్కున వేలేసుకున్నాడు. “నీ ఇల్లు, నీ బుట్టలు, ఆవిడ యజమానురాలేమిటే?”

“నా మెడ కూడా ఆవిడదే ఈనాక్ తాతా. ఇంక బుట్టలెంత?”

అలా ఏళ్ళు గడిచాయి. థర్జా పెళ్ళి చేసుకోలేదు. తేనె అమ్మింది, మైనపు కొవ్వొత్తులు చేసింది, ఆశ్రమం నుంచి వచ్చే పిల్లలకి రొట్టె మీద తేనె రాసి పెట్టింది. రెండు మంచాలు వేయించింది. ఒకటి తనకి. రెండోదాని మీద ఎవరినీ పడుకోనిచ్చేది కాదు. వారానికోసారి దుప్పటి మార్చేది. ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు, ఆ ముసలావిడ ఎప్పుడో పోయుంటుంది, ఈవిడకి పిచ్చి అని.

ఒక మే నెల పొద్దున థర్జా పెరట్లోకి వెళ్ళింది. ప్రతి బుట్టకీ పేలిక కట్టి ఉంది. పై ప్రాణం పైనే పోయింది. గబగబా దగ్గరకెళ్ళి చూసింది. నల్లవి కావు, తెల్లవి. ఇంట్లో పెళ్ళైనా పండగైనా మా దగ్గర తెల్లవి కడతారు. సన్నటి పాత సిల్కు రిబ్బన్లు, ఎండలో పచ్చబడ్డవి.

ఈనాక్ దగ్గరికి పరుగెత్తింది. “నీ పనేనా తాతా? నిజం చెప్పు.”

“నా నడుము చూశావా? వంగి బూటు లేసు కట్టుకోలేను, రిబ్బన్లు కడతానటే నేను?”

మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. బూడిదరంగు శాలువా, చేతిలో గుడ్డమూట. వంగిపోయిన మనిషి. లోపలికి రాలేదు, తిరిగి వెళ్ళనూ లేదు. థర్జా చేతిలో పిండి గిన్నె కింద పెట్టి గేటు దాకా పరుగెత్తింది.

“వదిలేశారే,” అంది బఫ్టన్. “ముసలిదాన్నయ్యానని జాలిపడ్డారు. నిన్నొకసారి చూసి పోదామని వచ్చాను. చూశాను. ఇంక పోతాను.”

“ఎక్కడికి పోతారు? మీ మంచం దులిపి ఉంచాను.”

“ఇంట్లోకి వస్తాను గానీ ఆ బుట్టల దగ్గరికి మాత్రం రానే. ఈ చేతులతో వాటి దగ్గరికెలా వెళ్ళను? వాటికి తెలీదూ?”

“మీరొస్తున్నారని నాకంటే ముందు వాటికే తెలిసింది, రండి,” అని థర్జా ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది.

బఫ్టన్ మొదటి బుట్ట దగ్గర ఆగింది. రిబ్బను చూసింది. ముడి దగ్గర వేలు పెట్టింది. మడిచి, లోపలికి దోపి, మళ్ళీ మడిచిన ముడి.

“ఎప్పుడు కట్టావే?”

“నేను కట్టలేదండీ.”

“నీ చేతి ముడే కదా?”

“మీ చేతి ముడి కూడా కదండీ. మీరు కట్టలేదు, నేను కట్టలేదు.”

ఆ ముడి మూడో మనిషికి కూడా వచ్చు. బఫ్టన్ వంగి రిబ్బనుకి మొహం ఆనించింది. లావెండరు వాసన. మోకాళ్ళ మీద కూలబడి, “లెటీ… నా మీద కోపం లేదా నీకు?” అని చిన్నపిల్లలా ఏడ్చింది. విన్నది విన్నట్టు చెప్పడమే నా పని, దీనికి అర్థం మీరూ నన్నడగొద్దు. థర్జా కూడా ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రం నుంచి కృతజ్ఞతల్లో దొరసాని పేరు కూడా కలిపింది, అంతే.

ముసలామె ఏడుపు తగ్గేదాకా థర్జా పక్కనే కూర్చుంది. తర్వాత లేపి, ఇంటి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని, బుట్ట మీద మెల్లగా తట్టించింది.

“ఈగల్లారా,” అంది థర్జా, “మీ యజమానురాలు ఇంటికొచ్చేశారు.”